రాగిపిండి డబ్బాలో నేను

నేను ఒక టైమర్‌ని. గడియారాన్ని కాను. ఈ ముక్క మొదట్లోనే చెప్పేయడం మంచిది, ఎందుకంటే నన్ను చూసిన ప్రతివాళ్ళూ "టైమెంతయింది?" అంటూ నా మొహంలోకి తొంగిచూస్తారు. టైమెంతయిందో నాకేం తెలుసు? ఇంకా ఎంత మిగిలిందో తెలుసు. అది అయిపోగానే మోగడం తెలుసు. నాకు వచ్చిన విద్య ఇంతే. ఇంతమాత్రం విద్యతో పసిపిల్లలున్న ఇంట్లో కాపురం చేయకూడదని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

అరచేతిలో పట్టేంత తెల్లటి ఒళ్ళు, వీపున అయస్కాంతం, పొట్ట మీద మూడు మీటలు, ఇదీ నా రూపం. నేను పుట్టిన ఫ్యాక్టరీ ఏ ఊళ్ళోదో నాకు తెలియదు. తలకి టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి నాలో సెల్లు వేసి, ఒక్క నిమిషం పెట్టి, పెద్ద గడియారం పక్కన నిలబెట్టింది. సరిగ్గా అరవై లెక్కపెట్టి మోగాను. ఆమె తలూపి నా వీపున చిన్న ఆకుపచ్చ స్టిక్కరు అంటించింది. నిమిషమంటే అరవై సెకన్లని, అది ఎక్కడైనా, ఎవరికైనా అంతేనని ఆ క్షణంలో గట్టిగా నమ్మేశాను. ఆ నమ్మకంతో ఐదేళ్ళు హాయిగా బతికాను కూడా.

ఆ ఐదేళ్ళూ విజయనగరంలో, స్టేషనుకి వెళ్ళే దారిలో ఉన్న ఒక రక్తపరీక్షల ల్యాబులో గడిచాయి. అబ్బ, ఏం ఉద్యోగమండీ అది! సన్నటి గాజుగొట్టంలో రక్తం నింపి, స్టాండుకి నిలువుగా తగిలించి, నాకు గంట పెట్టేవారు. నేను మోగేసరికి ఎర్రది ఎంత కిందికి దిగిందో చూసి రాసుకునేవారు. ముందు మోగినా తప్పే, వెనక మోగినా తప్పే. నన్ను ఎక్కువగా వాడింది వారిజ అనే టెక్నీషియన్. ముప్ఫై ఏళ్ళుంటాయి. చెయ్యి చాలా తేలిక, సూది గుచ్చినట్టే ఉండదని ముసలివాళ్ళు ఆమె కోసమే అడిగి కూర్చునేవారు. ప్రతిదానికీ చీటీ అంటించడం ఆమె అలవాటు. ఏ రంగు మూత గొట్టం ఎవరిది, ఎన్నింటికి తీశారు, అన్నీ చీటీ మీద ఉండాల్సిందే. నేను మోగానంటే ఆమె చేతిలో ఏ పనున్నా వదిలేసి లేచిపోయేది. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

తర్వాత ల్యాబుకి కొత్త మిషను వచ్చింది. అది దాని పని అదే చేసుకుంటుంది, అదే మోగుతుంది, కాగితం కూడా అదే కక్కుతుంది. నన్ను సొరుగులో పడేశారు. సరిగ్గా ఆ వారంలోనే ఆ సంగతి జరిగింది.

పరగడుపు రక్తం ఇచ్చేవాళ్ళు పొద్దున్న ఏడింటికల్లా వచ్చేస్తారు. తాళాలు వారిజ దగ్గర ఉంటాయి. ఆ రోజు ఆమె వచ్చేసరికి ఏడూ నలభై. అప్పలస్వామి తాత అని షుగరు మనిషి, ముందురోజు సాయంత్రం నుంచీ ఏమీ తినకుండా మెట్ల మీద కూర్చుని కూర్చుని, లేవబోయి కళ్ళు తిరిగి పడ్డాడు. నుదురు చిట్లింది. వారిజే కట్టు కట్టింది. కడుతూ ఏడ్చింది. "ఊరుకో తల్లీ, నాకేటీ అవలేదు" అని ఆ ముసలాయనే ఆమెని ఓదార్చాడు. మేనేజరు శేషగిరి గారు మాత్రం ఆమెని పక్కకి పిలిచి, "నీ పనికి వంక పెట్టలేనమ్మా. కానీ ఏడంటే ఏడే. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఈ తాళాలు వేరేవాళ్ళకిచ్చేస్తాను. నిన్ను ఉంచుకోవడం నా వల్ల కాదు" అన్నారు. మంచిగానే చెప్పారు. అందుకే ఆమెకి ఇంకా భయం వేసింది.

"ఎందుకాలస్యం అవుతోంది నీకు?" అని తోటి టెక్నీషియన్ అడిగితే, వారిజ ఒక్క మాట చెప్పింది. "మా మోక్షి."

మోక్షి అంటే మోక్షిత, వారిజ కూతురు, నాలుగేళ్ళది. ఆ తోటి టెక్నీషియన్‌కి ముగ్గురు పిల్లలు. సొరుగు లాగి నన్ను తీసి వారిజ చేతిలో పెట్టి, "టైమర్ పెట్టి పని చేయించు, మనం అరవక్కర్లేదు, ఇదే అరుస్తుంది" అని చిట్కా చెప్పింది. అలా నేను పిల్లల పెంపకంలోకి దిగాను.

వాళ్ళిల్లు బాబామెట్ట వైపు, రెండు గదులూ వంటిల్లూ. వారిజ నన్ను ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆమె భర్త తవిటినాయుడు కరెంటు లైన్‌మన్. ఎక్కడ తీగ తెగితే అక్కడికి పరిగెత్తాలి, ఎప్పుడు ఇంట్లో ఉంటాడో అతనికే తెలియదు. పక్కవాటాలో పైడమ్మగారు ఉంటారు. ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీలో పిల్లల్ని చూసి రిటైరయిన మనిషి. వారిజ డ్యూటీకి వెళ్ళాక బడి వేళ దాకా మోక్షిని చూసుకునేది ఆవిడే. ఈ నలుగురి మధ్యా నేను.

మొదటిరోజే నాకు మతిపోయింది. "రెండు నిమిషాల్లో వస్తాను తల్లీ" అంది వారిజ పెరట్లోంచి. ఆమె అడక్కపోయినా నేను లోపల లెక్కపెట్టుకున్నాను. పదిహేడు నిమిషాలు. నాయుడు ఫోన్ చేసి "ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటాను" అన్నాడు. గంటా పది నిమిషాలు. ఇద్దరూ అబద్ధాలాడే మనుషులు కారు. మోక్షి నోట్లో బ్రష్షు పెట్టుకుని "ఒక్క నిమిసం" అంటే దానికసలు లెక్కే లేదు, అది ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పలేరు. ల్యాబులో నిమిషానికి అరవై సెకన్లుండేవి కదా, స్టేషను రోడ్డు నుంచి బాబామెట్టకి వచ్చేసరికి వాటికేమైందని నేను చాలా రోజులు తల పట్టుకున్నాను. తల లేదనుకోండి.

మోక్షి ఇడ్లీ తినడానికి నా మీద పదిహేను నిమిషాలు పెట్టేది వారిజ. మోక్షి ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, పదకొండు నిమిషాలు నా అంకెల్నే చూస్తూ కూర్చునేది. నేను మోగగానే ఏడుపు. నా పని నేను చేశాను, అది ఎందుకేడ్చిందో నాకర్థం కాలేదు. మర్నాడు ఇంకాస్త గట్టిగా మోగాను. అది ఇంకాస్త గట్టిగా ఏడ్చింది.

పైడమ్మగారు గోడవతల నుంచి రెండ్రోజులు విని, మూడోరోజు వచ్చేశారు.

"ఏటమ్మా వారిజా, ఆ పిల్లనేటి రోజూ అలా అదరగొడతన్నావు?"

"నేనేం చేశాను పిన్నిగారూ? అరవలేదు, కొట్టలేదు. టైమర్ పెట్టేనంతే."

"అది మోగే దాకా ఊరుకుని, మోగినాక కంచం లాగీడమేటి? అయిదు నిమిషాలుందనగా ఒకపాలి చెప్పు. రెండు నిమిషాలుందనగా మళ్ళీ చెప్పు. నీకైనా డ్యూటీ మారిస్తే ముందుగా చెప్తారా, లేదా?"

వారిజ చెప్పడం మొదలుపెట్టింది. ఏడుపు సగానికి సగం తగ్గింది. అప్పటికీ ఇప్పటికీ నేను మోగింది ఒకేలా. మధ్యలో ఎవరో రెండు మాటలు చెప్పినంత మాత్రాన అదే మోత ఎందుకు తియ్యనయిందో నన్నడక్కండి.

పైడమ్మగారి దగ్గర ఇలాంటివి బోలెడు. "ఏ గౌను వేసుకుంటావని అడక్కు, పొద్దుగూకా ఏడుస్తాది. ఎర్రదా పచ్చదా అని రెండు చూపించు, ఒకటి అదే లాక్కుంటాది" అనేవారు. "అది కూడా సాయంత్రమే అడిగేసి తీసి పక్కన పెట్టీ. పొద్దున్న ఎవరికీ బుర్ర పనిచెయ్యదు" అనేవారు. "చెప్పులు గుమ్మం దగ్గరే ఉండాలి. ఒక జత బట్టలు మా ఇంట్లో పడీ, ఒలకబోసుకున్నా నీకు కబురెట్టను." ఆవిడ చెప్పినవన్నీ పనిచేసేవి. ఆవిడ ఏనాడూ నా వైపు చూసి ఎరగరు. గోడ మీద ఎండ చూసి టైము చెప్పే రకం.

వారిజ తనకి తెలిసిన విద్య కూడా వాడింది. ల్యాబు చీటీలు తెచ్చి ఇంట్లో డబ్బాలన్నిటికీ అంటించింది. సాక్సులు, రిబ్బన్లు, క్రేయాన్లు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో, తారీఖుతో సహా. పిల్ల తన వస్తువులు తనే తెచ్చుకోవాలని ఆమె ఆశ. నాలుగేళ్ళ పిల్లకి చదవడం రాదన్న సంగతి వారం దాకా ఎవరికీ తట్టలేదు. పైడమ్మగారు కడుపుబ్బా నవ్వి, "బొమ్మలెయ్యవే పిచ్చితల్లీ" అన్నారు. వారిజ చెయ్యి సూదికి తేలికే గానీ బొమ్మలకి కాదు. సాక్సుల డబ్బా మీద వేసినవి వంకాయల్లా ఉన్నాయి. మోక్షి మూడురోజులు దాన్ని వంకాయల డబ్బా అని పిలిచింది, కానీ సాక్సులు మాత్రం తనే తెచ్చుకుంది.

నాయుడివి ఫోను చిట్కాలు. స్తంభం మీంచి దిగి నీళ్ళు తాగే వేళ వీడియోలు చూసి వారిజకి పంపేవాడు. పిల్లలకి పొద్దున్నే రాగిజావ ఇవ్వండని ఒకటి. ఆ ఉత్సాహంలో పెద్ద డబ్బా నిండా రాగిపిండి వచ్చింది. మోక్షి ఒక గుక్క తాగి అమ్మ చీర మీద ఉమ్మేసింది. ఇంకోరోజు కూడా అంతే అయ్యాక ఆ డబ్బాని కింది అరలోకి తోసేశారు, మళ్ళీ ఎవరూ మూత తీయలేదు. పొద్దున్నపూట ఫోను చేత్తో పట్టుకోకండి, అందులోకి చూస్తే అరగంట పోతుందని ఇంకొకటి. ఇది వారిజకి నచ్చింది. లేపడానికి అలారం మోగగానే ఫోను బీరువాలో పెట్టేసి, బయల్దేరేటప్పుడే తీసుకునేది. తోటి టెక్నీషియన్ చెప్పిందని గోడగడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకి తిప్పింది. అది చూసి కంగారుపడి తొందరగా తెములుతారట. మొదటి రెండ్రోజులు కంగారుపడింది కూడా. తర్వాత గడియారం వైపు చూసినప్పుడల్లా ఇరవై తీసేసుకోవడం అలవాటైపోయింది. అబద్ధం చెప్పే గడియారాన్ని తగిలించుకుని, రోజూ దాని అబద్ధాన్ని సరిదిద్దుకుంటూ బతకడంలో సుఖమేమిటో నాకు బోధపడలేదు. నేను ఫ్రిజ్ మీంచి దాన్ని చూసి సిగ్గుపడేవాణ్ణి.

మొత్తానికి బండి నడిచింది. ఇడ్లీకి విడిగా పెట్టడం మానేసి, ఐదూ నలభై ఐదుకి నాకు ఒకేసారి యాభై నిమిషాలు పెట్టేది వారిజ. నేను మోగానంటే ఆరూ ముప్ఫై ఐదు, బయల్దేరాలి. నేను మోగగానే మోక్షి అమ్మ కాళ్ళు చుట్టేసుకునేది. పైడమ్మగారి గుమ్మంలో ఏడుపు, వెళ్ళొద్దని బతిమాలడం, వేలు వేలు విడిపించుకోవడం, ఇదంతా కలిపి పన్నెండు నిమిషాలు. అంతసేపూ ఫోను వారిజ చేతిసంచీలో పడి ఉండేది కాబట్టి ఆ లెక్క ఆమెకి తెలియదు, ఫ్రిజ్ మీద ఊరికే ఉండే నాకు తెలుసు. తర్వాత స్కూటీ మీద పది నిమిషాలు. ఏడింటికి రెండు మూడు నిమిషాల ముందు తాళం తీసేది. ఎలాగో నెల దాటింది. కానీ ఆ పన్నెండు ఏ రోజు పదిహేను దాటినా ఉద్యోగం పోయినట్టే.

అప్పుడు పెద్ద చిట్కా వచ్చింది. రోజుకి పది నిమిషాలు ఫోనూ పనీ అన్నీ పక్కన పెట్టి, పిల్ల ఏ ఆట ఆడమంటే ఆ ఆట ఆడాలి. అలా చేస్తే మిగతా రోజంతా పిల్ల పేచీ పెట్టదు. చాలా మంచి చిట్కా, నాకూ నచ్చింది. ఎందుకంటే అందులో అంకె ఉంది. వారిజ ఎలా చేస్తుందో తెలుసుగా? ల్యాబు మనిషి. సాయంత్రం నాకు పది పెట్టి, నేల మీద కూర్చుని, మోక్షి బొమ్మలకి సూదులు వేసింది, కట్లు కట్టింది, ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. నేను మోగాను. గొట్టం తీయడానికి లేచినట్టే ఆమె టక్కున లేచిపోయింది. బొమ్మకి కట్టు సగంలో ఉంది.

"అమ్మా, దీనికింకా తగ్గలేదు."

"రేపు తగ్గుతుందమ్మా, టైమైపోయింది."

రోజూ ఇంతే. మోక్షి నా వైపు ఎలా చూసేదో మీరు చూడలేదు. ఐదేళ్ళ సర్వీసులో అంత కోపంగా నన్నెవరూ చూడలేదు. పొద్దున్న నేను మోగితే అమ్మ వీధిలోకి వెళ్ళిపోతుంది, సాయంత్రం నేను మోగితే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల లెక్క ఆ పిల్ల వేసుకుంది. ఆ లెక్కలో తప్పెక్కడుందో ఇవాళ్టికీ నేను చూపించలేను.

ఒక గురువారం సాయంత్రం నేను మోగాక వారిజ బట్టలు తీయడానికి మేడ మీదికెళ్ళింది. మోక్షి పీట వేసుకుని నన్ను ఫ్రిజ్ మీంచి పీకింది. కింది అరలో ఆ ఇంట్లో ఎవరూ తెరవని డబ్బా ఒకటే ఉందని దానికి తెలుసు. దాని మూత తీసి, నన్ను రాగిపిండిలో నిండా కూరి, చేత్తో చదును కూడా చేసింది. కూరేటప్పుడు నా మీట నొక్కుకుపోయింది. ఆ చీకట్లో పది నిమిషాలు లెక్కపెట్టి బుద్ధిగా మోగాను. మోగినకొద్దీ నా నోటి కంతల్లోకి పిండి దూరింది. నిమిషంలో గొంతు పూడుకుపోయింది. నన్ను ఎవరూ వినలేదు.

అదే సాయంత్రం గాలివాన పట్టింది. నాయుడు రెయిన్‌కోటు కోసం ఇంటికొచ్చి, గోడగడియారం వైపు చూసి, "ఆగిపోయిందేటిది!" అనడం నాకు డబ్బాలోంచి వినబడింది. సొరుగు లాగిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. కొత్త సెల్లు వేసి, ఫోను చూసి టైము పెట్టాడు. ఇరవై నిమిషాల ముచ్చట అతనికి గుర్తు లేదు. కరెంటువాడు కదా, ఏదైనా సరిగ్గా ఉండాలి. ఈలోగా ఎక్కడో తీగలు పడ్డాయని ఫోనొచ్చి పరిగెత్తుకుపోయాడు. వారిజ మేడ మీంచి వచ్చేసరికి అతను లేడు.

తెల్లారింది. ఏం జరిగిందో నేను విన్నది విన్నట్టు చెబుతాను, మీరే అర్థం చేసుకోండి, నా వల్ల కాదు. వారిజ లేచి, ఫోను బీరువాలో పెట్టి, స్నానం చేసి, ఇడ్లీ వేసి, నా కోసం ఫ్రిజ్ దగ్గరికొచ్చింది. నేను లేను. "ఏదే, టైమరేదీ?" మంచం మీంచి దుప్పటి ముసుగు లాక్కున్న చప్పుడు. ఆమె గోడవైపు చూసినట్టుంది. "ఐదూ యాభై... అంటే ఐదున్నర. అమ్మయ్య! పనంతా పావుగంటలో అయిపోయిందే. ఇవాళ భలే చురుగ్గా ఉన్నాను" అని తనని తనే మెచ్చుకుంది. అది నిజంగానే ఐదూ యాభై. ఫోను బీరువాలో ఉంది. నేను పిండిలో ఉన్నాను. మూడూ మంచి చిట్కాలే, దేని మట్టుకది మంచిదే. మూడూ కలిసి ఆ మనిషి కొంప ముంచడానికి సిద్ధంగా ఉన్నాయి. నాకు అరవాలనిపించింది. నోరు నిండా పిండి.

లేని ఇరవై నిమిషాలు తన చేతిలో ఉన్నాయనుకుని, వారిజ ఆ రోజు నెమ్మదిగా ఉంది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మోక్షి పక్కన కూర్చుని జుట్టు దువ్వింది. ఎర్ర గౌను ముందే తీసి ఉంది, పిల్ల తనే వేసుకుంది. మోగేది ఏదీ లేదు కాబట్టి, ఇడ్లీ బుగ్గలో ఆగలేదు. రెండు తినేసింది. నా పదిహేను నిమిషాల్లో ఏనాడూ అరముక్క దిగనిది, నేను లేకపోతే రెండు ఇడ్లీలు ఎలా తిన్నదండీ? పోనీండి, ఆ బాధ తర్వాత.

"అమ్మా, నువ్వు రోజూ ఎక్కడికెళ్ళిపోతావు?" అంది.

"ల్యాబుకి. తెలుసుగా."

"ఎందుకు?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకి "డ్యూటీ" అనే ఒక్క ముక్కే జవాబు. ఆ రోజు తీరిక ఉందనుకుంది కాబట్టి వారిజ అసలు సంగతి చెప్పింది. "అక్కడ ఒక తాత ఉంటాడమ్మా. అప్పలస్వామి తాత. రక్తం ఇచ్చేదాకా ఆయన ఏమీ తినకూడదు. నిన్న సాయంత్రం తిన్నాడు, అంతే. నేను వెళ్ళి తలుపు తీసి, రక్తం తీశాక అప్పుడు తింటాడు."

"ఇడ్లీ తింటాడా?"

"ఇడ్లీయే తింటాడు. డబ్బాలో తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు."

"నువ్వెళ్ళకపోతే?"

"అలా చూస్తూ కూర్చుంటాడు. ఒకరోజు నేను లేటుగా వెళ్తే ఆకలికి కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇక్కడ దెబ్బ తగిలింది."

నేను పదహారు సెకన్లు లెక్కపెట్టాను. తర్వాత చిన్న పాదాల చప్పుడు, డబ్బా మూత లేచింది, వెలుతురు, ఐదు జిడ్డు వేళ్ళు. మోక్షి నన్ను తోక పట్టుకుని ఎలకని తెచ్చినట్టు తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పడేసింది. ఇద్దరి మీదా రాగిపిండి.

"ఓసి నీ... ఎందుకు దాచేవే?"

"ఇది మోగితే నువ్వెళ్ళిపోతావు కదా."

వారిజ నన్ను ఒళ్ళోంచి చేతిలోకి తీసుకుంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు రావడం ల్యాబులో ఆ తాతకి కట్టు కట్టినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను.

మోక్షి మాత్రం ఏడవడం లేదు. నా మీట టకటకా నొక్కుతోంది. "తాతకి ఆకలేస్తాది. దీన్ని మోగమను." నేను సిద్ధమే! నా జన్మలో అంతగా మోగాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇన్నాళ్ళూ నేను మోగితే ఏడ్చిన పిల్ల ఇవాళ మోగమంటోంది, బయట నిజంగానే వేళ దాటిపోతోంది, నా దగ్గర చప్పుడు లేదు. అంకెలు తిరుగుతున్నాయి, అంతే. పిల్ల నన్ను చెవి దగ్గర పెట్టుకుని, ఊపి, మళ్ళీ నొక్కి చూసింది. చివరికి విసుగొచ్చి నన్ను అమ్మ చేతిలో పెట్టేసి, తనే నోరు తెరిచింది.

"కీ కీ కీ కీ! అమ్మా, మోగింది. వెళ్ళు."

ఆ కేకకి పైడమ్మగారు లోపలికొచ్చారు. "ఏటే తల్లీ ఆ అరుపు... ఓలమ్మ, నువ్వింకా ఇక్కడే ఉన్నావేటి? ఎండ గోడ దిగిపోతంది!"

"ఇంకా ఆరూ పాతికే కదా పిన్నిగారూ."

"ఆరూ పాతికేటి నీ మొహం! మా రేడియోలో ఆరూ ముప్పావు వార్తలు మొదలైపోయాయి. పద పద!"

వారిజ బీరువా తీసి ఫోను చూసుకుంది. ఆరూ నలభై ఆరు. సంచీ భుజాన వేసుకుని, చేతిలో ఉన్న నన్ను కూడా చూసుకోకుండా అందులో పడేసుకుని, గుమ్మం దాకా పరిగెత్తి అలవాటుకొద్దీ ఆగింది. పన్నెండు నిమిషాల ఏడుపు కోసం ఆగింది. మోక్షి అమ్మ చెప్పుల జత ముందుకి తోసి, పైడమ్మగారి చెయ్యి పట్టుకుని, "తాతకి ఇడ్లీ పెట్టు" అంది. నేను సంచీలోంచి లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు. నా లెక్క తప్పేమోనని దారిపొడుగునా సందేహిస్తూనే ఉన్నాను.

ల్యాబు తాళం తీసేసరికి ఏడింటికి రెండు నిమిషాలుంది. శేషగిరి గారు మెట్ల మీదే నిలబడి ఉన్నారు, వాచీ చూసుకున్నారు, లోపలికెళ్ళిపోయారు. ఒళ్ళో డబ్బాతో అప్పలస్వామి తాత ఉన్నాడు. "ఏటి తల్లీ, మొకాన పిండి?" అన్నాడు. వారిజ నవ్వింది, తుడుచుకోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ముందు ఆయన రక్తమే తీసింది. ఆయన ఇడ్లీ తింటూంటే పక్కనే కాసేపు నిలబడింది.

తోటి టెక్నీషియన్ నన్ను బ్రష్షుతో దులిపింది. పిండి పోయింది కానీ గొంతు రాలేదు. "పారేయ్, ఇంకోటి కొనుక్కో" అంది. వారిజ వినకుండా నన్ను ఇంటికి తెచ్చేసింది. మోగని టైమర్ దేనికి పనికొస్తుంది? నాకూ తెలియదు.

ఇప్పుడు నేను ఫ్రిజ్ మీద లేను. వంకాయల డబ్బాలో, సాక్సులతో పాటు ఉంటున్నాను. గోడగడియారం సరైన టైమే చెబుతోంది, దాంట్లోంచి ఇరవై తీసేసే అలవాటు పోవడానికి మాత్రం వారిజకి నెల పట్టింది. పొద్దున్న వేళ చెప్పడం మోక్షి పని. గోడగడియారంలో పెద్దముల్లు ఏడు మీదికొచ్చిందంటే "కీ కీ కీ" అని తనే అరిచి, అమ్మని తనే గుమ్మం దాకా నెడుతుంది. కొన్ని రోజులు ఏడుస్తుంది కూడా. అయినా పన్నెండు నిమిషాల దాకా ఎప్పుడూ పోలేదు.

సాయంత్రం పది నిమిషాలు ఇప్పటికీ ఉన్నాయి. పైడమ్మగారు ఒకే ఒక్క మార్పు చెప్పారు. "ఆ మర నీ చేతిలో ఎందుకే, దాని చేతిలో పెట్టీ." అందుకని ఇప్పుడు నన్ను మోక్షి పట్టుకుంటుంది. మొదటిరోజు నా అంకెలు సున్నాకి వచ్చాయి. నేను మోగలేదు, మోక్షీ ఆపలేదు. సున్నా తర్వాత నేను పైకి లెక్కపెడతానని అప్పటిదాకా నాకే తెలియదు, ల్యాబులో ఎవరూ అంతదూరం రానివ్వలేదు, పిండి చీకట్లో నా అంకెలు నాకే కనబడలేదు. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. వారిజ లేవలేదు. పొయ్యి మీద కుక్కరు కూతలు వేసినా లేవలేదు. ఆ రోజు ఇరవై మూడు దాకా వెళ్ళాను. ఇక ఈ పిల్ల చేతిలో నాకు అంతం లేదని భయపడ్డాను.

వారం తర్వాత ఒక సాయంత్రం ఏం జరిగిందో చెప్పి ఊరుకుంటాను. వారిజ బొమ్మకి కట్టు కడుతోంది. రోజంతా నిలబడి వచ్చిందేమో, మధ్యలో రెండుసార్లు ఆవులించింది. మోక్షి ఆమె మొహం చూసింది, నా మొహం చూసింది. నా మీద ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లున్నాయి. నన్ను రాగిపిండిలో పూడ్చిపెట్టిన పిల్ల ఇది, ఈ నిమిషాల కోసమే. అది మీట నొక్కి నన్ను ఆపేసింది.

"అయిపోయిందమ్మా. బొమ్మకి తగ్గిపోయింది. నువ్వు పడుకో" అంది.

వారిజ నా వైపు చూసింది. మిగిలిన అంకెలు ఆమెకి కనబడ్డాయి. అక్కడే చాప మీద, కూతురి కాళ్ళ దగ్గర, చెయ్యి తల కింద పెట్టుకుని ఒరిగింది. మోక్షి నన్ను సాక్సుల మధ్య పెట్టి, చప్పుడు కాకుండా మూత వేసింది. ఆ రెండు నిమిషాల నలభై సెకన్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాటిని ఎవరికివ్వాలో నాకు తెలియడం లేదు.